స్టేట్ బ్యాంకు పీఈ 330 నుంచి 11కి ఎలా వచ్చింది?

షేర్ల శీర్షికకు ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పెద్ద బ్యాంకుల పీఈ (షేరు ధరను షేరుకు వచ్చే ఏడాది లాభంతో భాగిస్తే వచ్చే అంకె) గురించే. ఒకే తీరు సందేహాలను కలిపి జవాబులిస్తున్నాం. ఇక్కడ ఇచ్చిన ధరలు ఆయా తేదీల నాటివి. ఏ షేరూ కొనమనీ అమ్మమనీ చెప్పడం మా ఉద్దేశం కాదు.

ప్రశ్న: నా యాప్‌లో పెద్ద ఐటీ కంపెనీల పీఈ పాతిక పైన, సబ్బులు పేస్టుల కంపెనీలది యాభై పైన ఉంటే, వేల కోట్ల లాభం చూపే స్టేట్ బ్యాంకుది మాత్రం పది, పదకొండు దగ్గరే ఉంటోంది. ఇంత చౌకగా దొరుకుతుంటే జనం ఎందుకు ఎగబడి కొనడం లేదు? – ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ముందు ఒక పాత లెక్క చూడండి. 2018-19లో స్టేట్ బ్యాంకు సొంత నికర లాభం 862 కోట్లు. షేరుకు 97 పైసలు. ఆ మార్చి చివర షేరు ధర సుమారు 320 రూపాయలు. అంటే పీఈ 330! ఐదేళ్ల తర్వాత 2023-24లో లాభం 61,077 కోట్లు, షేరుకు 68 రూపాయల 44 పైసలు. మార్చి చివర ధర సుమారు 750, పీఈ 11. పీఈ 330 చూసి 'అమ్మో, ఎంత ఖరీదో' అని వదిలేసిన షేరు రెండు రెట్లకు పైగా పెరిగింది. పెరిగాక చూస్తే అదే షేరు 'చౌక'గా కనబడుతోంది.

లాభం 70 రెట్లు పెరిగింది కదా, మరి వ్యాపారం కూడా 70 రెట్లు పెరిగిందా? లేదు. కేటాయింపులకు, అంటే మునిగే అప్పుల కోసం పక్కన పెట్టే డబ్బుకు, ముందున్న నిర్వహణ లాభం చూడండి. 2018-19లో 55,436 కోట్లు, 2023-24లో 93,797 కోట్లు. రెండు రెట్లు కూడా కాలేదు. తేడా అంతా ఆ కింది వరుసలో ఉంది. 2018-19లో నిర్వహణ లాభంలో 54,574 కోట్లు మొండి బాకీల కేటాయింపులు, పన్నులు తదితరాలకే పోయింది. అంతకు ముందు ఏడాది ఇంకా ఘోరం. 59,511 కోట్ల నిర్వహణ లాభం వచ్చి కూడా చివరికి 6,547 కోట్ల నష్టం తేలింది. 2015లో రిజర్వు బ్యాంకు మొదలుపెట్టిన ఆస్తుల నాణ్యత సమీక్షతో దాచిపెట్టిన మొండి బాకీలన్నీ బయటపడి, వాటికి డబ్బు పక్కన పెట్టాల్సి వచ్చిన ఏళ్లవి. 2018 మార్చిలో స్టేట్ బ్యాంకు స్థూల మొండి బాకీలు మొత్తం అప్పుల్లో 10.91 శాతం. 2024 మార్చికి 2.24 శాతం.

సబ్బుల కంపెనీ ఈరోజు సబ్బు అమ్మితే లాభమెంతో ఈరోజే తెలుస్తుంది. బ్యాంకు ఈరోజు ఇచ్చిన ఇరవై ఏళ్ల అప్పు మీద లాభమెంతో ఈరోజు తెలియదు. ఎంత మునుగుతుందో అంచనా వేసి, ఆ మేరకు తీసి పక్కన పెట్టి, మిగిలినదాన్ని లాభం అంటుంది. పీఈలో పైన ఉండే ధర మార్కెట్‌ది. కింద ఉండే లాభంలో మాత్రం సగం అంచనాయే.

ఆ అంచనా కొంచెం కదిలితే పీఈ ఎంత ఊగుతుందో మీరే కాగితం మీద వేసి చూసుకోవచ్చు. లక్ష కోట్ల అప్పులిచ్చిన ఒక ఊహా బ్యాంకు తీసుకోండి. నిర్వహణ లాభం 3,000 కోట్లు, షేర్లు 100 కోట్లు, ధర 150, పన్ను 25.17 శాతం. మంచి రోజుల్లో అప్పుల్లో అర శాతం, అంటే 500 కోట్లు మొండి బాకీలకు తీస్తే పన్ను పోను 1,871 కోట్లు మిగులుతుంది. షేరుకు 18.71, పీఈ 8. ఒక శాతం తీస్తే లాభం 1,497 కోట్లు, పీఈ 10. రెండు శాతం తీయాల్సి వస్తే లాభం 748 కోట్లకు పడిపోయి పీఈ 20 అవుతుంది. మూడు శాతమైతే లాభమే ఉండదు. ధర మారలేదు, శాఖలు మారలేదు, డిపాజిట్లు మారలేదు. మారింది ఒక్క కేటాయింపుల వరుసే.

కాబట్టి యాప్‌లోని పీఈని అలాగే వాడకండి. గత ఎనిమిది, పదేళ్ల కేటాయింపులను ఆయా ఏళ్ల సగటు అప్పులతో భాగించి, ఆ శాతాల సగటు తీయండి. చెడ్డ ఏళ్లు అందులో తప్పకుండా ఉండాలి. ఆ సగటును ఇప్పటి అప్పులకు వర్తింపజేసి, ఇప్పటి నిర్వహణ లాభంలోంచి తీసేసి, పన్ను తీసేసి షేర్లతో భాగిస్తే సాధారణ ఏడాదిలో వచ్చే ఈపీఎస్, అంటే షేరుకు వచ్చే లాభం, తేలుతుంది. పైన చెప్పిన బ్యాంకు సగటు ఒక శాతమైతే, యాప్ 8 చూపిస్తున్నా మీ లెక్కకు పీఈ 10. కేటాయింపులు అడుగంటిన ఏడాది పీఈ చూసి బ్యాంకు షేరు కొనడమంటే, పంట విరగకాసిన ఏడాది దిగుబడి చూసి పదేళ్లకు కౌలు ఒప్పుకోవడమే.

ప్రశ్న: మా నాన్నగారి పేర ఉన్న 1,000 ఆంధ్రా బ్యాంకు షేర్లు విలీనం తర్వాత 325 యూనియన్ బ్యాంకు షేర్లయ్యాయి. దాని పీఈ ఐదారు దాటదు. పెద్ద ప్రైవేటు బ్యాంకులు ఇరవై దగ్గర ఉంటున్నాయి. ఇదీ ఎప్పటికైనా ఇరవైకి వెళ్తుందని ఉంచుకోవచ్చా? – ఒక పాఠకురాలు, మచిలీపట్నం

జవాబు: 2020 ఏప్రిల్ 1న విలీనమైనప్పుడు ఖరారైన నిష్పత్తి అదే, ప్రతి 1,000కి 325. మీ లెక్క సరిగ్గానే ఉంది. 'ఇరవైకి వెళ్తుంది' అన్న ఆశకు మాత్రం ఆధారం లేదు. పీఈ ఎందుకు తక్కువో తెలుసుకుంటే అది ఎంతవరకు పెరగొచ్చో కూడా అర్థమవుతుంది.

బ్యాంకులకు పీఈ పక్కనే మరో రెండు అంకెలు ఉండాలి. ఒకటి ధరకూ పుస్తక విలువకూ (బ్యాంకు ఆస్తుల్లోంచి అది చెల్లించాల్సినవన్నీ తీసేస్తే షేరుకు మిగిలేది) ఉన్న నిష్పత్తి, అంటే పీబీ. రెండోది వాటాదారుల సొమ్ము మీద వచ్చే రాబడి, ఆర్‌ఓఈ. పీబీ అంటే ఆర్‌ఓఈని పీఈతో గుణించగా వచ్చేదే. ఇందులో ఏ రెండు తెలిసినా మూడోది తేలిపోతుంది.

న్యాయమైన పీబీకి విశ్లేషకులు వాడే చిన్న సూత్రం ఉంది. ఆర్‌ఓఈలోంచి దీర్ఘకాల వృద్ధి రేటు తీసేయండి. మీరు ఆశించే రాబడిలోంచి కూడా అదే వృద్ధి రేటు తీసేయండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. మీరు ఏడాదికి 13 శాతం రాబడి ఆశిస్తున్నారు, బ్యాంకు 9 శాతం చొప్పున పెరుగుతుంది అనుకుందాం. ఆర్‌ఓఈ 17 శాతం నిలకడగా ఉంటే, 8ని 4తో భాగిస్తే పీబీ 2. దాన్ని 17 శాతంతో భాగిస్తే పీఈ సుమారు 11.8. ఆర్‌ఓఈ 12 శాతమే అయితే, 3ని 4తో భాగిస్తే పీబీ 0.75, పీఈ 6.25. రెండు బ్యాంకులూ ఒకే వేగంతో పెరుగుతున్నాయి. అయినా ఒకదానికి 11.8 న్యాయం, రెండోదానికి 6.25 న్యాయం. ఎందుకంటే 12 శాతమే సంపాదించే బ్యాంకు 9 శాతం పెరగాలంటే లాభంలో ముప్పాతిక వంతు లోపలే ఉంచుకోవాలి. వాటాదారుకు మిగిలేది పావు వంతు. 17 శాతం సంపాదించేది దాదాపు సగం పంచిపెట్టి కూడా అంతే పెరుగుతుంది.

ఇప్పుడు యూనియన్ బ్యాంకు దగ్గరికి వద్దాం. 2024-25లో లాభం 17,987 కోట్లు, షేర్లు సుమారు 763 కోట్లు, ఈపీఎస్ దాదాపు 23.60. ఆ మార్చి చివర ధర 125 చుట్టుపక్కల. పీఈ 5.3. ఆ ఏడాది ఆర్‌ఓఈ సుమారు 17 శాతం. రెండింటినీ గుణిస్తే పీబీ 0.9. అదే సూత్రాన్ని వెనక్కి నడిపించండి. 0.9ని 4తో గుణించి 9 కలిపితే 12.6 శాతం వస్తుంది. బ్యాంకు 17 చూపించినా మార్కెట్ అప్పుడు 12.6 మాత్రమే నిలుస్తుందని నమ్మి ధర కట్టిందన్నమాట. మీరు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇది: మొండి బాకీల చక్రం మళ్లీ తిరిగి, పాత బాకీల వసూళ్లు తగ్గాక కూడా 15, 16 శాతం నిలబడుతుందా? నిలబడితే పీఈ పెరిగే వీలుంది. నిలబడకపోతే 5.3 చౌక కాదు, సరైన ధరే.

ప్రభుత్వ బ్యాంకుల విషయంలో మార్కెట్‌కు ఇంకో భయం ఉంది. కష్టకాలంలో మూలధనం కోసం పుస్తక విలువ కంటే తక్కువకు కొత్త షేర్లు జారీ చేయడం. పుస్తక విలువ 100 ఉన్న షేరుకు, ప్రతి నాలుగు పాత షేర్లకు ఒక కొత్త షేరు చొప్పున 50కి జారీ చేస్తే, పాతవాళ్ల పుస్తక విలువ 90కి పడుతుంది. లాభం అప్పుడే పెరగదు కాబట్టి 20 ఉన్న ఈపీఎస్ 16 అవుతుంది. మొండి బాకీల ఏళ్లలో ప్రభుత్వ బ్యాంకుల వాటాదారులు ఎక్కువగా నష్టపోయింది ఇలాగే. పుస్తక విలువకు పైన జారీ చేస్తే కథ వేరు. 2025 జూలైలో స్టేట్ బ్యాంకు 817 చొప్పున 25,000 కోట్లు సేకరించినప్పుడు ఈపీఎస్ కాస్త పలచబడినా పుస్తక విలువ పెరిగింది.

ప్రశ్న: హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు బోనస్ తర్వాత ఒకచోట పీఈ 11, ఇంకోచోట 22 చూపించారు. ఏది నిజం? స్టాండలోన్, కన్సాలిడేటెడ్‌లలో ఏది చూడాలి? – ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: 22. 2025 ఆగస్టులో ఒకటికి ఒకటి బోనస్ ఇచ్చారు. షేర్లు రెట్టింపై ధర సగమై 970 దగ్గరికి వచ్చింది. 2024-25 సొంత ఈపీఎస్ సుమారు 88. దాన్ని కూడా సగం చేసి 44 అనుకోవాలి. ధర సగం చేసి ఈపీఎస్ పాతదే ఉంచితే 11 వస్తుంది. బోనస్, షేర్ల విభజన జరిగిన కొన్నాళ్లు ఈ తప్పు చాలాచోట్ల కనబడుతుంది. పీఈ రాత్రికి రాత్రి సగమైతే ముందు షేర్ల సంఖ్య చూడండి.

ఇదే బ్యాంకులో 2023 జూలై 1న గృహరుణాల సంస్థ హెచ్‌డీఎఫ్‌సీ విలీనమైనప్పుడు దీనికి తలకిందులైన తప్పు జరిగింది. షేర్ల సంఖ్య ఒక్కసారిగా మూడో వంతుకు పైగా పెరిగింది. గత నాలుగు త్రైమాసికాల లాభంలో మాత్రం మూడు విలీనానికి ముందువి. పాత చిన్న లాభాన్ని కొత్త పెద్ద సంఖ్యతో భాగించిన లెక్కల్లో పీఈ లేనిపోని ఎత్తుకు వెళ్లింది. విలీనం తర్వాత నాలుగు పూర్తి త్రైమాసికాలు గడిచేదాకా ఆ పీఈని పట్టించుకోనక్కర్లేదు.

ఇక స్టాండలోన్ (బ్యాంకు సొంత లెక్క), కన్సాలిడేటెడ్ (అనుబంధ సంస్థలతో కలిపిన లెక్క) సంగతి. పైన స్టేట్ బ్యాంకు 2018-19 పీఈ 330 అన్నాం. అది బ్యాంకు సొంత లాభం మీద. అనుబంధ సంస్థలతో కలిపితే లాభం సుమారు 2,300 కోట్లు, ఈపీఎస్ 2.58, పీఈ 124. 50 పెద్ద కంపెనీల సూచీ నిఫ్టీ పీఈని కూడా ఎన్‌ఎస్‌ఈ 2021 మార్చి చివరి దాకా సొంత లాభాలతోనే లెక్కగట్టింది. కలిపి లెక్కించడం మొదలుపెట్టగానే 40 చుట్టుపక్కల ఉన్నది 33కు దిగింది. పాత పీఈ పటాలతో ఇప్పటి నిఫ్టీని పోల్చేవాళ్లు ఈ అతుకును మరిచిపోతుంటారు.

బీమా, మ్యూచువల్ ఫండ్, కార్డుల కంపెనీలున్న బ్యాంకుకు మేం ఇష్టపడే పద్ధతి విడదీసి చూడటం. బ్యాంకు షేరు ధర 800 అనుకోండి. అనుబంధ సంస్థల్లో దాని వాటాల మార్కెట్ విలువను బ్యాంకు షేర్ల సంఖ్యతో భాగిస్తే షేరుకు 250 వచ్చింది. మాతృసంస్థ చేతిలో ఉన్న వాటాకు పూర్తి విలువ కట్టరు కాబట్టి 20 శాతం తగ్గించి 200 అనుకోండి. మిగిలిన 600 అసలు బ్యాంకు ధర. సొంత ఈపీఎస్ 75లో అనుబంధ సంస్థలిచ్చిన డివిడెండ్ 2 తీసేస్తే 73. పీఈ 8.2. పైపైన చూస్తే 10.7. ఇక్కడ ఒక జాగ్రత్త. ధరలోంచి అనుబంధ సంస్థలను తీసేశాక మళ్లీ కన్సాలిడేటెడ్ ఈపీఎస్‌తో భాగించకూడదు. అలా చేస్తే వాటి విలువను పైన తీసేసి, లాభాన్ని కింద ఉంచినట్టు. పీఈ ఉన్నదానికన్నా చాలా తక్కువగా తేలుతుంది.

ప్రశ్న: త్రైమాసిక ఫలితం రాగానే దాన్ని నాలుగుతో గుణించి పీఈ వేస్తుంటాను. తప్పా? – ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: బ్యాంకులకైతే తప్పే. 2025 సెప్టెంబరు త్రైమాసికంలో స్టేట్ బ్యాంకు 20,160 కోట్ల లాభం చూపింది. అందులో యెస్ బ్యాంకు వాటా అమ్మగా పన్నుకు ముందు వచ్చిన 4,593 కోట్లు ఉన్నాయి. నాలుగుతో గుణిస్తే ఒకేసారి అమ్మిన వాటాను మీరు నాలుగుసార్లు అమ్మినట్టే. 2024 జూన్ త్రైమాసికంలో కోటక్ బ్యాంకు సొంత లాభం 6,250 కోట్లలో, సాధారణ బీమా సంస్థలో వాటా అమ్మకం వల్ల వచ్చినది పన్ను పోను 2,730 కోట్లు. తిరగబడే సందర్భాలూ ఉంటాయి. 2019 సెప్టెంబరు త్రైమాసికంలో ఐసీఐసీఐ బ్యాంకు లాభం 655 కోట్లకు పడింది. వ్యాపారం చెడిపోయి కాదు. కార్పొరేట్ పన్ను రేటు తగ్గడంతో, వాయిదా వేసుకున్న పన్ను ఆస్తి (ముందు ముందు పన్నులో తగ్గించుకోవచ్చని పుస్తకాల్లో చూపిన మొత్తం) విలువను ఒక్కసారిగా తగ్గించి రాయాల్సి వచ్చింది.

అన్నిటికన్నా విడ్డూరం యెస్ బ్యాంకు 2020 మార్చి త్రైమాసికం. మారటోరియం (డిపాజిట్లు తీసుకోవడంపై పరిమితి) పడి, డిపాజిటర్లు ఏటీఎంల ముందు నిలబడిన ఆ మూడు నెలలకు బ్యాంకు 2,629 కోట్ల లాభం చూపింది! బ్యాంకు దెబ్బతింటే రద్దు చేయడానికి వీలుండే ఏటీ-1 బాండ్లను 8,415 కోట్ల మేర రద్దు చేయడం వల్ల తేలిన అంకె అది. ఆ బాండ్లు కొన్నవాళ్ల నష్టం బ్యాంకు పుస్తకాల్లో లాభమైంది.

అదే బ్యాంకు ఇంకో సంగతి కూడా చెబుతుంది. 2017 మార్చికి తన స్థూల మొండి బాకీలు 2,018 కోట్లని బ్యాంకు రాసుకుంటే, రిజర్వు బ్యాంకు తనిఖీలో 8,373 కోట్లుగా తేలాయి. తేడా 6,355 కోట్లు. ఇది బహిరంగంగా వెల్లడైన తర్వాత కూడా 2018 ఆగస్టులో షేరు 400 దాటింది. ఇరవైకి పైన ఉన్న పీఈని జనం 'నాణ్యతకు కట్టే ధర' అనుకున్నారు.

ఫలితాల ప్రకటనలో చూడాల్సినవి మూడే. నిర్వహణ లాభం కింద 'ఎక్సెప్షనల్ ఐటమ్స్' (ఒక్కసారికే వచ్చే అసాధారణ అంశాలు) అన్న వరుస ఖాళీగా ఉందా లేదా. 'అదర్ ఇన్‌కమ్'లో బాండ్ల వ్యాపార లాభం, వాటా అమ్మకాలు ఎంత. పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఉండే గమనికలు. హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు 2024 మార్చి త్రైమాసికంలో విద్యారుణాల సంస్థ అమ్మకం మీద 7,340 కోట్లు సంపాదించి, అదే త్రైమాసికంలో 10,900 కోట్లు తేలియాడే కేటాయింపుల (ఏ ఒక్క బాకీకీ ముడిపెట్టకుండా ఉంచేవి) కింద పక్కన పెట్టింది. గమనికలు చదవనివాళ్లకు ఈ రెండూ కనబడవు. మీరు గుణకారం మానేసి, గత నాలుగు త్రైమాసికాలను కూడి, ఇలాంటివి తీసేసి భాగించండి.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాను. జేపీ మోర్గాన్ పీఈని మన బ్యాంకుల పీఈతో నేరుగా పోల్చవచ్చా?

జవాబు: నేరుగా వద్దు. అమెరికాలో పెద్ద బ్యాంకులు 2020 నుంచి, అప్పు ఇచ్చిన రోజే దాని కాలమంతటికీ రాబోయే నష్టాన్ని అంచనా వేసి తీసిపెడుతున్నాయి. మన దగ్గర బాకీ మొండిదయ్యాకే అసలు కేటాయింపు మొదలవుతుంది. ముందస్తు అంచనా పద్ధతికి మారాలని రిజర్వు బ్యాంకు 2025 అక్టోబరులో ముసాయిదా ఇచ్చింది. దాని ప్రకారం అమలు 2027 ఏప్రిల్ నుంచి. అమెరికా పద్ధతిలో లాభం ఊగిసలాట ఎక్కువ. కోవిడ్ కోసం తీసిపెట్టినది 2021లో వెనక్కి రావడంతో జేపీ మోర్గాన్ ఈపీఎస్ 15.36 డాలర్లకు చేరి, 2022లో 12.09కి దిగింది. 2021 చివర పదికి కాస్త పైన ఉన్న పీఈ నిజంగా చౌకేమీ కాదు. అక్కడ గుడ్‌విల్ (వేరే కంపెనీలను కొన్నప్పుడు ఆస్తుల విలువకు మించి కట్టిన సొమ్ము) తీసేసిన పుస్తక విలువతో పోల్చడం ఆనవాయితీ. 2024 చివర అది షేరుకు 97.30 డాలర్లు, ధర సుమారు 240, అంటే రెండున్నర రెట్లు. ఆ ఏడాది ఈపీఎస్ 19.75లో వీసా షేర్ల మీద వచ్చిన 790 కోట్ల డాలర్ల లాభం కూడా ఉంది. అది పోను చూసుకోండి.

ప్రశ్న: నష్టంలో ఉన్న బ్యాంకుకు యాప్‌లో పీఈ స్థానం ఖాళీగా ఉంటుంది. అప్పుడు దేన్ని చూడాలి? – ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: సర్దుబాటు చేసిన పుస్తక విలువ చూడండి. పుస్తక విలువ షేరుకు 120, నికర మొండి బాకీలు (కేటాయింపులు పోను మిగిలినవి) షేరుకు 30 అనుకోండి. ఆ 30 అసలే రాదనుకుని తీసేస్తే 90. ధర 100 అయితే, పైకి 0.83గా కనిపించే పీబీ నిజానికి 1.1. పునర్‌వ్యవస్థీకరించిన (తీర్చలేనివాళ్లకు షరతులు సడలించిన) అప్పులు కూడా గణనీయంగా ఉంటే వాటిలో కొంత భాగాన్ని, సగమైనా, తీసేసి మళ్లీ లెక్కించండి. ఆపైన మూలధన నిష్పత్తి (రిస్కు ఉన్న అప్పుల్లో బ్యాంకు సొంత మూలధనం ఎంత శాతమో) రిజర్వు బ్యాంకు పెట్టిన కనిష్ఠానికి ఎంత దగ్గరగా ఉందో చూడండి. అంచు మీద ఉంటే కొత్త షేర్ల జారీ తప్పదు. జారీ తర్వాత ఎన్ని షేర్లు ఉంటాయో అంచనా వేసి, ఆ సంఖ్యతోనే భాగించుకోండి.